గాజు కాని పారదర్శకత: ఫెర్రోఎలక్ట్రిక్ సిరామిక్‌ల సింటరింగ్ చరిత్ర - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

విద్యుత్ క్షేత్రానికి లోబడి కాంతి నడకను మార్చగల పారదర్శక సిరామిక్ పలకలు 1970 ప్రాంతంలో అమెరికాలోని సాండియా ప్రయోగశాలలో రూపుదిద్దుకున్నాయి. అప్పటి పద్ధతికి అధిక ఉష్ణోగ్రత, పీడనం, గంటల తరబడి నిరీక్షణ అవసరమయ్యాయి. తరువాతి కాలంలో విద్యుత్ ప్రవాహంతో నిమిషాల్లో, తక్కువ ఉష్ణోగ్రతలో అదే పని చేసే మార్గాలు వచ్చాయి. ఈ మార్పును సాధారణంగా నిదానం నుంచి వేగానికి సాగిన ఏకరేఖా ప్రగతిగా చెబుతారు. ఆ కథనంలో లెక్కకు రాని కాలం చాలా ఉందని, 'వేగం' అనే మాట ప్రయోగంలోని ఒక్క అంచెకే వర్తిస్తుందని ఈ వ్యాసం వాదిస్తుంది.

కీలకపదాలు: సిరామిక్, సింటరింగ్, ఫెర్రోఎలక్ట్రిక్, పారదర్శకత, పీఎల్‌జెడ్‌టీ, స్పార్క్ ప్లాస్మా.

1. ఉపోద్ఘాతం:

పొడిని అచ్చుపోసి, పూర్తిగా కరగనీయకుండా వేడిచేసి, రేణువులు ఒకదానినొకటి పట్టుకొనేటట్లు చేయడం మానవుడు ఎరిగిన అతి ప్రాచీన విద్యలలో ఒకటి. కుమ్మరి ఆవంలో జరిగేది స్థూలంగా ఇదే. ఆధునిక పదార్థ శాస్త్రం దీనిని సింటరింగ్ అంటుంది. ఈ ప్రక్రియను తెలుగులో 'కాల్చడం' అంటే బూడిద చేయడమనే అర్థం కూడా వస్తుంది. 'కరిగించడం' అంటే అసలు విషయమే తలకిందులవుతుంది. 'కూర్చడం' అంటే వేడి ప్రసక్తే ఉండదు. అందువల్ల ఈ వ్యాసంలో సింటరింగ్ అనే మాటనే యథాతథంగా వాడటం జరిగింది.

కుండ గుండా వెలుతురు రాదు. పింగాణి కప్పును దీపానికి ఎదురుగా పట్టుకుంటే పలచని చోట లేతగా వెలుగు తోస్తుందే తప్ప ఆవలి వస్తువు కనబడదు. సిరామిక్ అంటే అపారదర్శకమైనదనే భావన ఇరవయ్యో శతాబ్ది మధ్యకాలం వరకు శాస్త్రజ్ఞులలో కూడా స్థిరంగా ఉండేది. ఆ భావనను మొదట సడలించినది వీధి దీపాల కోసం చేసిన పరిశోధన. రెండవసారి సడలించినది అణ్వాయుధ ప్రయోగశాలలో జరిగిన పరిశోధన. ఈ రెండింటి మధ్య సంబంధాన్ని గుర్తించకపోతే ఆ తరువాత వచ్చిన వేగవంతమైన పద్ధతుల విలువను సరిగా అంచనా వేయలేం.

2. ఇనుము లేని 'ఫెర్రో':

ఫెర్రోఎలక్ట్రిక్ పదార్థాలలో చాలావాటికి ఇనుముతో సంబంధం లేదు. ఇనుము అయస్కాంతత్వాన్ని నిలుపుకొన్నట్లే ఇవి విద్యుత్ ధ్రువీకరణను నిలుపుకొంటాయి, బయటి విద్యుత్ క్షేత్రాన్ని తిప్పితే దిశ మార్చుకొంటాయి. ఈ సామ్యం వల్లనే ఆ పేరు స్థిరపడింది. ఈ గుణాన్ని 1920లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థిగా ఉన్న జోసెఫ్ వాలసెక్ రోషెల్ లవణంలో కనుగొన్నాడు. ఆ లవణం అంతకు రెండున్నర శతాబ్దాల ముందు ఫ్రాన్స్‌లోని లా రోషెల్ పట్టణంలో సెన్యెట్ అనే ఔషధ విక్రేత తయారుచేసిన విరేచనకారి. నీటిలో కరిగిపోయే ఆ స్ఫటికం పరికరాలకు అంతగా పనికిరాదు. ఫెర్రోఎలక్ట్రిసిటీ చాలాకాలం ఒక వింతగానే మిగిలిపోయింది.

పరిస్థితిని మార్చింది రెండవ ప్రపంచ యుద్ధం. రేడియో, రాడార్ పరికరాలలోని కెపాసిటర్లకు అభ్రకం కావాలి. మనవాళ్లు కాకిబంగారమని పిలిచే ఈ ఖనిజానికి ప్రపంచంలోనే ప్రధాన ఆధారం భారతదేశం. నాటి బీహార్ గనులతోపాటు నెల్లూరు ప్రాంతపు గనులు కూడా ఈ సరఫరాలో భాగం. యుద్ధకాలంలో అభ్రకానికి ఏర్పడిన కొరత వల్ల దానికి ప్రత్యామ్నాయంగా టైటానియం ఆక్సైడ్ ఆధారిత సిరామిక్‌లను వెతికారు. ఆ అన్వేషణలో బేరియం టైటనేట్ బయటపడింది. అమెరికాలో వైనర్, సాలమన్, జపాన్‌లో ఒగావా, సోవియట్ యూనియన్‌లో వుల్, గోల్డ్‌మన్ 1942-45 మధ్య ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే దీనిని చేరుకున్నారు. అభ్రకం డైఎలక్ట్రిక్ స్థిరాంకం ఆరు ఏడు దగ్గర ఉంటే, దీనిది వెయ్యి దాటింది. ఆ అసాధారణ విలువకు కారణం ఫెర్రోఎలక్ట్రిసిటీయేనని ఎంఐటీలో వాన్ హిప్పెల్ బృందం నిరూపించింది.

బేరియం టైటనేట్ ప్రాముఖ్యం కేవలం సంఖ్యలో లేదు. అప్పటివరకు ఫెర్రోఎలక్ట్రిక్ గుణాన్ని ఏక స్ఫటికంలోనే చూశారు. వేల రేణువులు దిక్కుకొకటిగా అతుక్కున్న సిరామిక్ ముద్దలో కూడా దానిని నిద్రలేపవచ్చని, బలమైన విద్యుత్ క్షేత్రంతో ఆ రేణువులన్నింటి ధ్రువీకరణను దాదాపు ఒకే దిక్కుకు మళ్లించవచ్చని తేలడం అసలు మలుపు. స్ఫటికాన్ని పెంచడం నెలల పని, సిరామిక్ పలకను చేయడం కొలిమి పని. 1950లలో టోక్యోలో షిరానే, సవాగుచి తదితరులు సీసపు జిర్కనేట్ టైటనేట్‌ను అధ్యయనం చేశారు. 1954లో అమెరికా నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్‌లో బెర్నార్డ్ జాఫ్ బృందం దాని పీజోఎలక్ట్రిక్ శక్తిని వెలికితీసింది. పీజెడ్‌టీ అనే సంక్షిప్త నామంతో అది సోనార్ నుంచి గ్యాస్ లైటర్ దాకా వ్యాపించింది. కానీ ఇవన్నీ అపారదర్శకాలే.

3. రంధ్రం అనే చిక్కు:

సిరామిక్‌లో కాంతి ఎందుకు ఆగిపోతుందన్న ప్రశ్నకు రెండు జవాబులున్నాయి. రేణువుల మధ్య మిగిలిపోయిన సూక్ష్మరంధ్రాలు మొదటి కారణం. పీజెడ్‌టీ కుటుంబపు పదార్థాల వక్రీభవన గుణకం దాదాపు 2.5. రంధ్రంలోని గాలిది 1. ఇంతటి వ్యత్యాసం ఉన్న చోట ప్రతి రంధ్రమూ కాంతిని చెదరగొడుతుంది. మేఘం తెల్లగా కనిపించడానికి నీటి బిందువులు ఎలా కారణమో, సిరామిక్ తెల్లగా కనిపించడానికి ఈ శూన్య బిందువులు అలా కారణం. రెండవది ద్వివక్రీభవనం. రేణువు ఘనాకృతి స్ఫటికం కాకపోతే కాంతి వేగం దిశను బట్టి మారుతుంది. ఒక రేణువు నుంచి మరొక రేణువుకు దాటిన ప్రతిసారీ కాంతి కొంత దారి తప్పుతుంది.

మొదటి చిక్కును విప్పినవాడు రాబర్ట్ కోబుల్. ఎంఐటీలో కింగరీ వద్ద పరిశోధన చేసి 1955లో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థ స్కెనెక్టడీ ప్రయోగశాలలో చేరాడు. సింటరింగ్‌ను చేతివాటం నుంచి సిద్ధాంతానికి తెచ్చే ప్రయత్నాలు అప్పటికే సాగుతున్నాయి. ఫ్రెంకెల్ 1945లో, కుచిన్‌స్కీ 1949లో రేణువుల మధ్య మెడ ఎలా ఏర్పడుతుందో వివరించారు. కోబుల్ దృష్టి చివరి దశ మీద నిలిచింది. రంధ్రం రేణు సరిహద్దు మీద ఉన్నంతకాలం ఆ సరిహద్దు గుండా పరమాణువులు ప్రయాణించి దానిని పూడ్చగలవు. సరిహద్దు వేగంగా కదిలి రంధ్రాన్ని దాటిపోతే అది రేణువు కడుపులో బందీ అవుతుంది, ఎంత కాల్చినా పోదు. అందుచేత చేయవలసింది మరింత వేడి చేయడం కాదు, సరిహద్దును నెమ్మదింపజేయడం. అల్యూమినా పొడిలో అర శాతం లోపు మెగ్నీషియం ఆక్సైడ్ కలిపి హైడ్రోజన్‌లో కాల్చినప్పుడు రంధ్రాలు దాదాపు పూర్తిగా మాయమయ్యాయి. లూకలాక్స్ అనే పేరుతో వచ్చిన ఈ అర్ధపారదర్శక అల్యూమినా గొట్టాలు సోడియం ఆవిరి దీపాలకు ఆధారమయ్యాయి. అధిక పీడనంలోని వేడి సోడియం ఆవిరి మామూలు సిలికా గాజును తినివేస్తుంది, అల్యూమినాను ఏమీ చేయలేదు. నిన్నమొన్నటిదాకా మన పట్టణాల కూడళ్లలో వెలిగిన పసుపు దీపాల లోపలి గొట్టం ఈ సంప్రదాయానిదే.

ఇక్కడ గమనించదగిన విషయం ఒకటుంది. పారదర్శకతను సాధించిన తొలి సూత్రం వేగానికి విరుద్ధమైనది. సరిహద్దు కదలికను అదుపు చేస్తూ రంధ్రాలకు పూడే వ్యవధిని ఇవ్వడమే కోబుల్ చూపిన దారి. అరవై ఏళ్ల తరువాత వేగాన్ని సద్గుణంగా కీర్తించే పరిశోధన పత్రాలు ఈ మూలాన్ని తలచుకోవడం అరుదు.

4. ఆల్బుకర్క్ ప్రయోగం:

న్యూమెక్సికో రాష్ట్రంలోని ఆల్బుకర్క్ నగరంలో ఉన్న సాండియా ప్రయోగశాల అమెరికా అణ్వాయుధ వ్యవస్థలో భాగం. అక్కడ 1960లలో జీన్ హార్ట్‌లింగ్ సీసపు సిరామిక్‌లను పీడనంతో కలిపి కాల్చే పద్ధతి మీద, సెసిల్ లాండ్ వాటి కాంతి ధర్మాల మీద పనిచేశారు. మామూలు కొలిమిలో వేడి ఒక్కటే రేణువులను దగ్గర చేస్తుంది. హాట్ ప్రెస్‌లో పొడిముద్దను అచ్చులో పెట్టి వేడిచేస్తూనే పైనుంచి నొక్కుతారు. రంధ్రాలు మూసుకోవడానికి ఇది అదనపు బలం. బిస్మత్ కలిపిన పీజెడ్‌టీని ఇలా ఒత్తి పలచగా అరగదీసినప్పుడు కొంత కాంతి ప్రసరించింది. ఆ తరువాత లాంథనం కలిపినప్పుడు పలక నిజంగా పారదర్శకమైంది.

లాంథనం చేసిన పని రెండు విధాలుగా ఉంది. సీసపు స్థానాన్ని ఆక్రమించిన లాంథనం అయాన్‌కు ఒక విద్యుదావేశం ఎక్కువ. ఆ ఎక్కువను సరిపెట్టడానికి స్ఫటికంలో కొన్ని స్థానాలు ఖాళీ అవుతాయి, ఖాళీలున్నచోట పరమాణువుల సంచారం తేలికై రంధ్రాలు పూడతాయి. రెండవది మరింత కీలకం. లాంథనం పెరిగేకొద్దీ స్ఫటికపు వంకర తగ్గి ఘనాకృతికి చేరువవుతుంది, అంటే ద్వివక్రీభవనం తగ్గుతుంది. కాంతి చెదరడానికి పైన చెప్పిన రెండు కారణాలను ఒకే మూలకం ఒకేసారి తగ్గించింది. పీఎల్‌జెడ్‌టీ అని పిలిచే ఈ మిశ్రమాన్ని మూడు అంకెలతో సూచిస్తారు. 9/65/35 అంటే లాంథనం 9, జిర్కోనియం 65, టైటానియం 35 పాళ్లు. ఇందులో మామూలుగా ధ్రువీకరణ మిగలదు, క్షేత్రం పెట్టినప్పుడే ద్వివక్రీభవనం పుడుతుంది. లాంథనాన్ని ఒక్క పాలు తగ్గించి 8/65/35 చేస్తే క్షేత్రం తీసేసినా పలక ఆ స్థితిని గుర్తుంచుకుంటుంది. ఒక్క పాలు తేడాతో కిటికీ కాస్తా జ్ఞాపకశాలగా మారుతుందన్నమాట.

హార్ట్‌లింగ్, లాండ్ ఈ ఫలితాలను 1971లో అమెరికన్ సిరామిక్ సొసైటీ పత్రికలో ప్రకటించారు. ఆక్సిజన్ వాతావరణంలో, 1200 డిగ్రీల సెల్సియస్ పరిసరాల్లో, పీడనం కింద దాదాపు 16 గంటలు ఉంచడం వారి పద్ధతి. ఆక్సిజన్‌కే ఎందుకు ప్రాధాన్యం? రంధ్రంలో చిక్కుకున్న వాయువు నైట్రోజన్ అయితే అది బయటపడలేక రంధ్రాన్ని మూసుకోనివ్వదు. ఆక్సిజన్ అయితే ఆక్సైడ్ స్ఫటికంలోనే కలిసిపోగలదు.

దీని తొలి ప్రధాన ఉపయోగం ఏమిటో చెప్పకుండా వదిలేయడం చరిత్రకారునికి తగదు. అణు విస్ఫోటనపు మెరుపు నుంచి విమాన చోదకుల కళ్లను కాపాడే కళ్లద్దాలను అమెరికా వైమానిక దళం కోసం ఈ పలకలతో తయారుచేశారు. ఒకదానికొకటి అడ్డంగా ఉంచిన రెండు ధ్రువణ ఫలకాల మధ్య పీఎల్‌జెడ్‌టీ పలక ఉంటుంది. విద్యుత్ క్షేత్రం ఉన్నంతసేపు పలక కాంతి ధ్రువణాన్ని తిప్పి దారి ఇస్తుంది. మెరుపును గ్రాహకం పసిగట్టి క్షేత్రాన్ని తొలగించగానే సెకనులో వెయ్యోవంతు కంటే తక్కువ వ్యవధిలో అద్దం చీకటవుతుంది. రెప్పపాటు కంటే వేగంగా మూసుకొనే ఈ రెప్ప కోసం పలకను పదహారు గంటలు కాల్చవలసి వచ్చింది. కంటిని కాపాడే ఈ పరికరం ఏ ఆయుధం నుంచి కాపాడుతోందో, ఆ ఆయుధపు వ్యవస్థే దీనికి డబ్బు సమకూర్చింది.

5. సీసం ఆవిరి:

వేడి పెరిగేకొద్దీ పీఎల్‌జెడ్‌టీని వేధించిన సమస్య సీసపు ఆక్సైడ్. అది 888 డిగ్రీల దగ్గర కరుగుతుంది. ఆపై ఉష్ణోగ్రతల్లో గణనీయంగా ఆవిరవుతుంది. 1200 డిగ్రీల దగ్గర గంటలకొద్దీ ఉంచితే పలక అంచులనుంచి సీసం జారిపోయి, అంకెల్లో రాసుకున్న పాళ్లు పదార్థంలో మిగలవు. ఒక్క పాలు లాంథనం తేడాతోనే గుణం మారే పదార్థంలో ఇది చిన్న విషయం కాదు. ముందే కొంత సీసం ఎక్కువ కలపడం, మూత పెట్టిన మూసలో సీసం నిండిన పొడితో చుట్టి కాల్చడం వంటి ఉపాయాలు పుట్టాయి. సాండియాలోనే జి.ఎస్. స్నో 1973లో ఈ ఉపాయాలను ఒక పద్ధతిగా మలిచాడు. ఎక్కువ వేసిన సీసపు ఆక్సైడ్ మొదట ద్రవంగా మారి రేణువులను దగ్గరకు లాగుతుంది, పని ముగిశాక మెల్లగా తప్పుకుంటుంది. దీనివల్ల హాట్ ప్రెస్ లేకుండానే పారదర్శక పలక సాధ్యమైంది. కానీ కాలం మరింత పెరిగింది. అదే కాలంలో మామూలు ఆక్సైడ్ పొడుల స్థానంలో ద్రావణాల నుంచి రసాయనికంగా అవక్షేపించిన మెత్తని పొడిని హార్ట్‌లింగ్ ప్రవేశపెట్టాడు. పొడి ఎంత మెత్తగా, ఎంత సమంగా ఉంటే కొలిమికి అంత పని తగ్గుతుంది. తరువాతి తక్కువ ఉష్ణోగ్రత పద్ధతులకు అసలైన పునాది ఈ పొడి తయారీలోనే ఉంది.

సీసపు ఆవిరి పలక నాణ్యతకు మాత్రమే సంబంధించినది కాదు. కొలిమి దగ్గర నిలబడ్డ మనిషి ఊపిరికీ సంబంధించినదే. సాంకేతిక పత్రాలలో 'సీసపు నష్టం' అనే పదబంధం తరచుగా కనిపిస్తుంది. ఆ నష్టం ఎవరి ఒంట్లోకి లాభంగా చేరిందో ఆ పత్రాలు చెప్పవు. తక్కువ ఉష్ణోగ్రతలో, మూసిన పాత్రలో సింటరింగ్ జరగడాన్ని కోరుకోవడానికి ఇది ఒక్కటే చాలిన కారణం.

6. 'స్పార్క్ ప్లాస్మా': పేరు, పని:

పొడి గుండా విద్యుత్తును పంపి వేడిచేసే ఆలోచన కొత్తది కాదు. 1906లో బ్లాక్సమ్ పేరిట, 1933లో టేలర్ పేరిట పేటెంట్లు ఉన్నాయి. 1955లో లెనెల్ లోహపు పొడులపై పీడనంతో పాటు విద్యుత్తును వాడాడు. 1960లలో జపాన్‌కు చెందిన కియోషి ఇనోవె విద్యుత్ స్పందనలతో సింటరింగ్ చేసే పద్ధతికి పేటెంట్లు పొందాడు. రేణువుల మధ్య నిప్పురవ్వలు పుట్టి వాటి ఉపరితలాన్ని శుభ్రం చేస్తాయన్నది అతని ఊహ. అప్పట్లో ఆ యంత్రానికి పెద్దగా ఆదరణ దక్కలేదు. ఇనోవె పేటెంట్ల గడువు ముగిసిన తరువాత, 1990 ప్రాంతంలో సుమిటోమో కోల్ మైనింగ్ అనే బొగ్గు గనుల సంస్థ ఆ యంత్రాన్ని మెరుగుపరచి 'స్పార్క్ ప్లాస్మా సింటరింగ్' పేరుతో విపణిలోకి తెచ్చింది. ఆ తరువాతే ప్రపంచ ప్రయోగశాలలు దానివైపు మళ్లాయి.

యంత్రం నిర్మాణం సరళమైనది. గ్రాఫైట్ అచ్చులో పొడిని పోసి, పైనా కిందా గ్రాఫైట్ కడ్డీలతో నొక్కుతారు. గాలి తీసేసిన గదిలో, కొద్ది వోల్టుల వద్ద వందలు, వేల ఆంపియర్ల విద్యుత్తును ఆ కడ్డీల గుండా పంపుతారు. బయటి కొలిమి వేడి లోపలికి చేరేదాకా ఆగవలసిన పని లేదు. అచ్చే కొలిమి అవుతుంది. నిమిషానికి 100 డిగ్రీలు, అంతకు మించి కూడా ఉష్ణోగ్రత పెంచవచ్చు. రేణువులు పెరిగి లావెక్కడానికి అనువైన మధ్యస్థ ఉష్ణోగ్రతలను వేగంగా దాటేయడం, పీడనం వల్ల తక్కువ ఉష్ణోగ్రతలోనే రంధ్రాలు మూసుకోవడం ఈ పద్ధతి బలాలు.

మరి రవ్వలు, ప్లాస్మా ఉన్నాయా? సిరామిక్ పొడులు చాలావరకు విద్యుత్తును ప్రసరింపజేయవు కనుక ప్రవాహం ఎక్కువగా గ్రాఫైట్ గుండానే పోతుంది. పొడికి అందేది గ్రాఫైట్ నుంచి వచ్చిన వేడి. 2008లో డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు పరిశోధకులు కాంతి వర్ణపటం ద్వారా, వోల్టేజి కొలతల ద్వారా వెతికి ప్లాస్మా జాడ దొరకలేదని ప్రకటించారు. పత్రం శీర్షికలోనే ఆ మాట నిర్మొహమాటంగా ఉంది. అయినా పేరు మారలేదు. పేరు తప్పని తెలిసి కూడా దాన్నే వాడటం శాస్త్రంలో కొత్త కాదు, ఇనుము లేని 'ఫెర్రో' ఇందుకు పక్కనే ఉన్న సాక్ష్యం. అయితే ఈ రెంటికీ ఒక తేడా ఉంది. 'ఫెర్రో' సామ్యం మీద నిలిచిన మాట, ఎవరినీ తప్పుదారి పట్టించదు. 'ప్లాస్మా' కార్యకారణాన్ని సూచించే మాట. యంత్రంలో ఏదో అసాధారణ శక్తి ఉందన్న నమ్మకాన్ని అది పెంచింది, పొడి తయారీకి, పీడనానికి దక్కవలసిన ఘనతను తన ఖాతాలో వేసుకుంది.

7. నిమిషాల లెక్క:

ఫెర్రోఎలక్ట్రిక్ సిరామిక్‌లలో ఈ పద్ధతి మొదట సాంద్రత కోసం వచ్చింది. బేరియం టైటనేట్‌ను చాలా తక్కువ సమయంలో, రేణువులు పెరగకుండా దట్టంగా చేయగలిగారు. 2004లో వెలువడిన ఒక ముఖ్యమైన అధ్యయనంలో 50 నానోమీటర్ల రేణువులున్న దట్టమైన బేరియం టైటనేట్ ఇలాగే సాధ్యమైంది. కానీ అందులోనే ఒక హెచ్చరిక ఉంది. రేణువు చిన్నదైనకొద్దీ ఫెర్రోఎలక్ట్రిక్ వంకర తగ్గిపోతుంది. మరీ చిన్నదైతే, కొన్ని పదుల నానోమీటర్ల కిందికి దిగితే, ఆ గుణమే మిగలదు. పారదర్శకత కోరేవానికి వంకర తగ్గడం వరం. ఫెర్రోఎలక్ట్రిసిటీ కోరేవానికి శాపం. రెండూ కోరేవాడు రేణువు కొలతను అటూ ఇటూ జారనీయకుండా పట్టుకోవాలి.

2000ల మధ్యకాలంలో జపాన్‌లోని చిబా విశ్వవిద్యాలయ పరిశోధకులు 8/65/35 పీఎల్‌జెడ్‌టీని 900 డిగ్రీల పరిసరాల్లోనే ఈ పద్ధతితో పారదర్శకంగా తయారుచేశారు. హాట్ ప్రెస్ కంటే దాదాపు 300 డిగ్రీలు తక్కువ, గంటలకు బదులు నిమిషాలు. సీసం ఆవిరి కావడానికి అవకాశమే తగ్గింది. ఈ సాధన విలువను తక్కువ చేయవలసిన పని లేదు. కానీ అదే ప్రక్రియలోని మిగతా అంచెలను కూడా చదవాలి. గ్రాఫైట్ అచ్చు, గాలి లేని గది కలిసి ఆక్సైడ్ నుంచి ఆక్సిజన్‌ను లాగేస్తాయి. అచ్చు నుంచి కర్బనం పలకలోకి చొరబడుతుంది. అందుచేత యంత్రం నుంచి బయటికి వచ్చిన పలక తరచుగా ముదురు రంగులో ఉంటుంది. దానిని గాలిలోనో ఆక్సిజన్‌లోనో మళ్లీ గంటల తరబడి వేడిచేస్తేనే వెలుగు వస్తుంది. ఆ వేడి మరీ ఎక్కువైతే మూసుకున్న రంధ్రాలు వాయువుతో మళ్లీ ఉబ్బుతాయి. ఇక దీనికి ముందు మెత్తని పొడిని తయారుచేయడానికి రోజులు పడుతుంది. శీర్షికలో ఉండే నిమిషాలు గరిష్ఠ ఉష్ణోగ్రత వద్ద గడిపిన కాలం మాత్రమే. వంటకు పట్టిన సమయం చెప్పమంటే తిరగమోత వేసిన క్షణాలు మాత్రమే చెప్పినట్లుంటుంది ఇది.

కొలతల విషయంలో కూడా జాగ్రత్త అవసరం. వక్రీభవన గుణకం 2.5 ఉన్న పలక ఒక్కో ముఖం వద్ద దాదాపు 18 శాతం కాంతిని వెనక్కి తిప్పుతుంది. పూత లేని పలక ఎంత నిర్దుష్టమైనదైనా సుమారు 69 శాతం మించి ప్రసరించదు. కాబట్టి ఒక పత్రంలో 60 శాతమని ఉంటే అది మామూలు ఫలితం కాదు, పరిపూర్ణతకు చేరువైనది. రెండవది మందం. చెదరడం మందంతో పాటు గుణిజాలుగా పెరుగుతుంది. అర మిల్లీమీటరు పలక తన లోపల సగం కాంతిని పోగొడితే ఒక మిల్లీమీటరు పలక సరిగ్గా నాలుగింట మూడు వంతులు పోగొడుతుంది. మందం చెప్పని శాతాన్ని పోలికకు వాడటం తగదు. హాట్ ప్రెస్ పలకలను, స్పార్క్ ప్లాస్మా పలకలను పక్కపక్కన పెట్టే పట్టికలలో ఈ లోపం కనిపిస్తూనే ఉంటుంది. ఈ దృష్టితో చూస్తే 1970ల నాటి నిదానపు పద్ధతి పారదర్శకత విషయంలో ఇప్పటికీ గట్టి ప్రమాణమే. కొత్త పద్ధతి గెలుపు వేరేచోట ఉంది. సూక్ష్మ రేణువులను నిలపడంలో, సీసాన్ని పోనీయకపోవడంలో, పాత కొలిమికి లొంగని మిశ్రమాలను దట్టపరచడంలో అది నిజంగా ముందుంది.

8. మెరుపు, చలువ:

తరువాతి రెండు పద్ధతులు ఇంకా దూరం వెళ్లాయి. 2010లో కొలరాడో విశ్వవిద్యాలయంలో కొలోన్యా, రష్కోవా, రిషి రాజ్ జిర్కోనియా పొడిముద్దకే నేరుగా విద్యుత్ క్షేత్రాన్ని అనువర్తించి, 850 డిగ్రీల కొలిమిలో 5 సెకన్ల లోపు దట్టపరచారు. దీనిని ఫ్లాష్ సింటరింగ్ అన్నారు. ఇక్కడ ప్రవాహం గ్రాఫైట్ గుండా కాక పదార్థం గుండానే పోతుంది. కానీ ప్రవాహం ఒకచోట గుమికూడితే ఆ చోటే కాలిపోతుంది. ముక్క అంతటా ఒకే తీరు ఉండాలని కోరే కాంతి పలకలకు ఇది ఇబ్బంది. 2016లో పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయంలో క్లైవ్ రాండల్ బృందం కోల్డ్ సింటరింగ్‌ను ప్రకటించింది. పొడిని కొద్దిగా తడిపి, గట్టిగా నొక్కి, 300 డిగ్రీల లోపే దట్టపరచడం దీని సారం. రేణువుల అంచులు ఆ ద్రవంలో కొంత కరిగి రంధ్రాలలో మళ్లీ గడ్డకడతాయి. బేరియం టైటనేట్‌ను 180 డిగ్రీల దగ్గర ఇలా చేశారు. అయితే రేణువుల మధ్య మిగిలిన గాజులాంటి పొరను సరిచేయడానికి 900 డిగ్రీల వద్ద మళ్లీ వేడిచేయవలసి వచ్చింది. శీర్షికకు, ప్రక్రియకు మధ్య పైన చూసిన ఎడమే ఇక్కడా కనిపిస్తుంది.

9. తెలుగు నేలతో ముడి:

పీఎల్‌జెడ్‌టీలోని నాలుగు లోహాల ముడి ఖనిజాలు తెలుగు నేలలో ఉన్నాయి. ఉత్తరాంధ్ర తీరపు ఇసుకలో ఇల్మనైట్, జిర్కాన్, మోనజైట్ కలిసి దొరుకుతాయి. ఇవి వరుసగా టైటానియం, జిర్కోనియం, లాంథనాలకు ఆకరాలు. అగ్నిగుండాల ప్రాంతంలో సీసపు ఖనిజాన్ని తవ్వారు. హైదరాబాదులోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ జిర్కాన్ ఇసుక నుంచి జిర్కోనియాన్ని తీస్తుంది. హైదరాబాదు శివార్లలోని బాలాపూర్ వద్ద ఉన్న ఏఆర్‌సీఐ పొడి లోహశాస్త్రానికి, కొత్త పదార్థాలకు ప్రత్యేకించిన కేంద్రం. అక్కడ స్పార్క్ ప్లాస్మా యంత్రం మీద, స్పినెల్ వంటి పారదర్శక సిరామిక్‌ల మీద పరిశోధన జరుగుతోంది. ఇంత ఉన్నా ఈ విద్యను గురించి తెలుగులో చదవదలచిన విద్యార్థికి సింటరింగ్ అనే మాటకు సమానార్థకం వెతుక్కోవడమే మొదటి పని అవుతోంది.

10. సీసం లేని దారి:

2003లో యూరోపియన్ యూనియన్ విద్యుత్ పరికరాలలో సీసాన్ని నియంత్రించే ఆదేశం తెచ్చింది. పీజోఎలక్ట్రిక్ సిరామిక్‌లకు, వాటిని భర్తీ చేసేవి లేవన్న కారణంతో, మినహాయింపు దక్కింది. 2004లో జపాన్ పరిశోధకులు పొటాషియం సోడియం నయోబేట్ ఆధారిత సిరామిక్‌లో పీజెడ్‌టీకి దీటైన ఫలితాలను చూపిన తరువాత సీసం లేని పదార్థాల అన్వేషణ ఊపందుకుంది. పారదర్శక పలకల రంగంలోనూ ఇప్పుడు ఎక్కువగా పరిశీలిస్తున్నది ఈ కుటుంబాన్నే. దీనికి మరొక మూలకాన్ని కలిపి ఘనాకృతికి చేరువ చేయడం, రేణువులను చిన్నవిగా ఉంచడం అనే ఉపాయాలు ఆల్బుకర్క్ నుంచి, స్కెనెక్టడీ నుంచి వచ్చినవే. సీసం స్థానంలో వచ్చిన పొటాషియం, సోడియం కూడా వేడికి ఆవిరవుతాయి. పొడిలోని వాటి కార్బొనేట్లు గాలిలోని తేమను పీల్చి తూకాన్ని తప్పిస్తాయి. 1973లో స్నో సీసం కోసం వాడిన మూత మూస, చుట్టుపొడి ఉపాయాలు ఈ కొత్త సిరామిక్‌ల కొలిమిలోకి కూడా చేరాయి. స్పార్క్ ప్లాస్మా యంత్రం నుంచి వచ్చిన నయోబేట్ పలకలను సైతం గాలిలో మళ్లీ వేడిచేస్తూనే ఉన్నారు.